వేరుకు తడి, మొవ్వుకు పొడి

ప్రశ్న: మేముండే చోట చలికాలపు రాత్రులు మైనస్ 10 డిగ్రీలకు, ఒక్కోసారి మైనస్ 13 దాకా దిగుతాయి. తాటిచెట్టు పోలికలున్న మొక్క ఒకటి పెరట్లో ఉండాలని నాకు ఎన్నాళ్ళుగానో కోరిక. మైనస్ 15 వరకు తట్టుకుంటుందని కుండీకి కట్టిన చీటీ మీద రాసి ఉంటే నమ్మి, మోకాలెత్తు విండ్‌మిల్ పామ్ తెచ్చి ఆకురాలు కాలంలో నాటాను. చక్కగా పాదు చేసి నీళ్ళు పెట్టాను. చలి ముదరగానే ప్లాస్టిక్ పట్టాతో నిలువునా చుట్టి పైన మూతి కట్టేశాను. మూడు నెలల తర్వాత విప్పితే సగం ఆకులు పచ్చగానే ఉన్నాయి గానీ నడిమి ఆకు గోధుమరంగుకు తిరిగింది. కాస్త లాగేసరికి చేతిలోకి ఊడివచ్చింది. అడుగున కుళ్ళు వాసన. ఇక ఇది పోయినట్టేనా? పక్కింటివారి పామ్ ఏ కప్పూ లేకుండా నిక్షేపంగా ఉంది. దాని ఆకులు కత్తుల్లా ఉంటాయి, మాను పైన రెండుగా చీలింది. అదే రకం తెచ్చుకోనా? కొబ్బరిని కూడా ఏదైనా ఉపాయంతో బతికించుకోవచ్చా?

సమాధానం: పార ఇంకా బయటికి తీయకండి. మీ ఉత్తరంలో నాకు ఆశ కలిగించిన మాట ఒకటుంది. సగం ఆకులు పచ్చగానే ఉన్నాయన్నారు. పచ్చటి ఆకు ఉన్నంతవరకు మొక్కకు తిండి తయారవుతూనే ఉంటుంది. అలాగని నడిమి ఆకు ఊడిరావడం తేలిగ్గా తీసుకోవలసిన సంగతి కాదు. కొబ్బరి తోటలవారు మొవ్వుకుళ్ళు అన్న మాట వింటేనే ఎందుకు ఉలిక్కిపడతారో, మీ మొక్కకు వచ్చిన ముప్పు కూడా అక్కడే ఉంది.

వేపకొమ్మ విరిగితే పక్కనుంచి నాలుగు చిగుళ్ళు లేస్తాయి. ఒంటి మానుతో పెరిగే తాళజాతి (పామ్) చెట్టుకు ఆ వీలు లేదు. అది ఎదిగే చోటు ఒక్కటే. మట్టల మొదళ్ళన్నీ కలిసే చోట, లోలోపల, మొవ్వు అడుగున ఉంటుంది. అది చస్తే మిగతా చెట్టంతా పచ్చగా ఉన్నా కొన్ని నెలల ముచ్చటే. అయితే మీ చేతికి వచ్చింది ఆ ఎదిగే చోటు కాదు, దాని మీద నిలబడి ఉన్న విచ్చుకోని ఆకు మాత్రమే. దాని కింద ఇంకా వెలుతురు చూడని ఆకులు ఒకదానిలో ఒకటి ఒదిగి ఉంటాయి. కుళ్ళు వాటిని దాటి అడుగుకు దిగిందా, దారిలోనే ఆగిందా అన్నది ఇప్పుడు బయటినుంచి చూసి చెప్పలేం. ఆగిందనుకునే పని మొదలుపెట్టాలి.

ఆకు ఊడిన గుంటలో మెత్తబడ్డ ముక్కలేమైనా చేతికి అందితే తీసేయండి. అందనివాటి కోసం కత్తి దించి కెలకకండి. లోపల నిలిచిన నీటిని పాత గుడ్డ పీలికతో అద్ది తీయండి. గాయాలు కడగడానికి మందుల దుకాణంలో అమ్మే 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను ఆ గుంటలో కొద్దిగా పోస్తే బుసబుసా పొంగుతుంది. పొంగు చల్లారాక మళ్ళీ అద్ది, రెండు మూడు రోజులు ఆరనివ్వండి. ఆ తర్వాత లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మొవ్వు తడిసేలా పోయండి. పది రోజులు ఆగి ఇంకొక్కసారి. అంతటితో సరి. రాగి మందు కదా, ఎంత పోస్తే అంత మంచిదనుకుంటే ఆ రాగే లేత కణజాలాన్ని కాల్చేస్తుంది. రెండు మందులనూ ఒకేసారి కలిపి మాత్రం పోయకండి.

ఇంతకన్నా ముఖ్యమైనది వాన నీళ్ళు మొవ్వులో పడకుండా చూడటం. నేనైతే పాత గొడుగును కర్రకు కట్టి మొక్క మీదికి వంచుతాను. చూసినవాళ్ళు నవ్వుతారు, నవ్వనివ్వండి. గాలి నాలుగు పక్కలనుంచీ ఆడాలి, నీళ్ళు పైనుంచి పడకూడదు. గొడుగు ఈ రెండు పనులూ చేస్తుంది. ఎరువు జోలికి ఇప్పుడు వెళ్ళకండి. పచ్చగా ఉన్న ఆకు ఎంత అందవికారంగా ఉన్నా కోయకండి. సగం ఎండి సగం పచ్చగా ఉన్న ఆకును కూడా ఉండనివ్వండి.

బతికుందో లేదో తెలుసుకోవడానికి ఒక చిన్న ఉపాయం. మిగిలిన ఆకుల్లో అన్నిటికన్నా లేతదాని కాడ మీద, దాని పక్కనున్న ముదురు ఆకు కాడ మీద ఒకే ఎత్తులో చెరగని సిరాతో అడ్డగీత గీయండి. ముదురు ఆకు ఇక ఎదగదు. లేతది ఎదిగితే దాని గీత పైకి జరుగుతుంది. మూడు నాలుగు వెచ్చటి వారాల్లో రెండు గీతల మధ్య గోరంత ఎడం వచ్చినా మీ మొక్క లోపల పని జరుగుతున్నట్టే. రాకపోయినా వేసవి చివరిదాకా ఆగండి. మొదట వచ్చే ఆకు అంచులు కాలి, సగం తెగి, మెలితిరిగి వస్తుంది. అది లోపల ఉండగా తగిలిన దెబ్బ. దాని తర్వాతి ఆకును చూసి తీర్పు చెప్పాలి.

ఈ ఓపిక నాకు పుట్టుకతో వచ్చింది కాదు. ఇలాగే నడిమి ఆకు ఊడిన మొక్కను ఒకసారి వేసవి నడిమికే విసుగొచ్చి పెకలించాను. పారేసే ముందు ఎందుకో నిలువునా చీల్చి చూశాను. లోపల మొవ్వు వెన్నలా తెల్లగా ఉంది. దాని మీద చిటికెన వేలంత కొత్త ఆకు పైకి వస్తూ ఉంది. ఇంకో నెల ఆగి ఉంటే అదే బయటపడేది.

ఇక తప్పు ఎక్కడ జరిగిందో చూద్దాం. చీటీ మీది మైనస్ 15 అబద్ధం కాదు, కానీ పూర్తి నిజమూ కాదు. నేలలో కొన్నేళ్ళుగా వేళ్ళూనుకుని, మాను కట్టి, మొవ్వు పొడిగా ఉన్న విండ్‌మిల్ పామ్ కొన్ని గంటలపాటు ఆ చలిని ఓర్చుకోగలదు. మోకాలెత్తు పిల్లకు, అదీ నిన్నమొన్నటిదాకా వెచ్చటి గాజుటింట్లో పెరిగినదానికి, ఆ లెక్క వర్తించదు. మొక్కల దుకాణాలు చెప్పే చలి మండలాల సంగతీ ఇంతే. ఎక్కువమంది వాడుకునే అమెరికా వ్యవసాయ శాఖ పటం ఏటా పడే అతి తక్కువ ఉష్ణోగ్రతల సగటును బట్టి గీసింది. ఆ చలి ఒక్క రాత్రి ఉంటుందా, వారమంతా మంచు కరగకుండా ఉంటుందా, వాన వెంటబెట్టుకుని వస్తుందా అన్నది అందులో ఉండదు. మొక్క ప్రాణం మాత్రం ఆ వివరాల మీదే ఆధారపడి ఉంది. 2021 ఫిబ్రవరిలో టెక్సస్‌ను రోజుల తరబడి గడ్డకట్టించిన చలికి, వీధుల వెంట ఏళ్ళుగా నిలబడిన వాషింగ్టోనియా రొబస్టా అనే పామ్ చెట్లు లెక్కలేనన్ని చచ్చిపోయాయి. ఆ నేలలోనే పుట్టిన సాబల్ అనే పామ్ జాతులు మాత్రం చాలావరకు తేరుకున్నాయి. ఒక రాత్రి చలి వేరు, వారం చలి వేరు.

మీరు నాటిన కాలం మొదటి పొరపాటు. తాళజాతి వేళ్ళు వెచ్చటి మట్టిలోనే కదులుతాయి. ఆకురాలు కాలంలో నాటితే, కుండీలో ఉన్నప్పటి వేరుముద్దతోనే అది చలికాలంలోకి అడుగు పెడుతుంది. ఆఖరి మంచు రాత్రి దాటాక, వసంతం చివర్లో నాటి ఉంటే నాలుగైదు నెలల వెచ్చదనం దక్కేది. చలిని తట్టుకోవడానికి మొక్క కూడబెట్టుకునేదంతా వేసవిలోనే.

పాదు రెండో పొరపాటు. పాదు కట్టేది నీళ్ళు నిలవడానికి. ఎండలు మండే చోట అది ప్రాణాధారం. చలికాలమంతా నేల చిత్తడిగా ఉండే చోట అదే మొక్క చుట్టూ చల్లటి నీటి తొట్టి అవుతుంది. మీరు చేయవలసింది పాదును తిరగేసినట్టు జానెడెత్తు దిబ్బ. మట్టిలో ముతక ఇసుక, సన్న కంకర కలిపి దిబ్బ పోసి దాని నెత్తిన నాటండి. కుండీలో ఎంత లోతున ఉందో అంతే లోతు, ఇంకా దించకూడదు. మీ మొక్క కోలుకుంటే దాన్ని ఈ ఏడు కదపకండి. చుట్టూ ఉన్న పాదు గట్టును తెంచి, నీరు పోయేందుకు వాలుగా చిన్న కాలువ తీస్తే చాలు.

ప్లాస్టిక్ పట్టా మూడోది, నా లెక్కలో అన్నిటికన్నా పెద్దది. పగలు ఎండ తగిలితే లోపల వేడెక్కి, మట్టినుంచి, ఆకులనుంచి ఆవిరి లేస్తుంది. అది పట్టా లోపలి గోడల మీద బొట్లు కట్టి జారి, గరాటులా ఉన్న మొవ్వులోకే దిగుతుంది. రాత్రికి ఆ నీరు గడ్డకట్టి లేత కణాలను చిట్లగొడుతుంది, తెల్లవారాక కరిగి ఆ గాయాల్లో నిలుస్తుంది. బూజులకు, బాక్టీరియాకు ఇంతకన్నా అనువైన చోటు ఎక్కడ దొరుకుతుంది? మూడు నెలలపాటు రోజూ ఇదే జరిగింది. చలి ఒక్కటే కారణమైతే ముందు మాడవలసింది బయటికి చాచుకుని ఉన్న ఆకులు. మీ ఆకులు పచ్చగా ఉండి నడుమ కుళ్ళిందంటే దోషం తడిదని నా నమ్మకం.

తడి వద్దన్నానని వేళ్ళను ఎండగట్టకండి. ఇక్కడే చాలామంది తికమక పడతారు. ఆకులు చలికాలంలోనూ పచ్చగా ఉంటాయి కాబట్టి ఎండకు, గాలికి నీటిని వదులుతూనే ఉంటాయి. నేల గడ్డకట్టిందంటే వేళ్ళకు ఆ నీరు తిరిగి దొరకదు. చలిలో మాడాయనుకునే ఆకుల్లో చాలా భాగం నిజానికి దాహంతో ఎండినవే. పైగా తేమగా ఉన్న నేల పొడి నేలకన్నా వేడిని ఎక్కువసేపు పట్టి ఉంచుతుంది. అందుకని నేల గడ్డకట్టే ముందు మొదట్లో ఒకసారి నిండుగా నీళ్ళు పెట్టి, ఎండుటాకులో గడ్డో జానెడు మందాన పరవండి. నీళ్ళు నేల మీద పోయాలి, నెత్తిన కాదు.

పై కప్పు సంగతి. మట్టలన్నిటినీ పైకి కూడదీసి మెత్తటి తాడుతో వదులుగా కట్టండి. గాలి ఆడే నేత గుడ్డ, చలినుంచి మొక్కలను కాపాడటానికే అమ్మే తెల్లటి పలుచని రకం, రెండు పొరలు చుట్టండి. నెత్తిన వాన దిగకుండా ఒక చిన్న చూరు, లేదా నా గొడుగు. అది కూడా ఎప్పుడో ముందే చుట్టేసి వసంతందాకా మరిచిపోవడం కాదు. వేళ్ళూనుకున్న మొక్కకైతే మైనస్ 8 దాకా కప్పే అవసరం లేదు. మొదటి రెండు చలికాలాలు మైనస్ 4, 5 దగ్గరే జాగ్రత్తపడండి. చలి సడలిన రోజుల్లో విప్పి గాలి తగలనివ్వండి. తొందరపడి కప్పిన మొక్కలే కప్పని మొక్కలకన్నా ఎక్కువ చెడిపోవడం చూశాను.

మైనస్ 10కి దిగే రాత్రుల కోసం, గుడ్డ లోపల ఆరుబయట వాడేందుకు తగిన పాతకాలపు తీగబల్బుల దండ ఒకటి వేలాడదీయవచ్చు. ఎల్ఈడీ దండ వెలుగునిస్తుంది గానీ ఆశించిన వేడినివ్వదు. 2 డిగ్రీల దగ్గర వెలిగి 7 దగ్గర ఆరిపోయే థర్మోస్టాట్ దొరికితే మీరు రాత్రంతా లేచి చూడనక్కర్లేదు. బల్బు మాత్రం మానుకున్న పీచుకు ఆనకూడదు. పొడిబారిన ఆ పీచు నిప్పు రవ్వకు దూదితో సమానం.

చోటు గురించి ఒక మాట. చల్లటి గాలి బరువైనది, నీటిలా పల్లానికి పారుతుంది. పెరట్లో ఎక్కడ మంచు చివరిదాకా కరగకుండా ఉంటుందో ఆ పల్లంలో నాటకండి. మధ్యాహ్నపు ఎండ తగిలే గోడ పక్కన, గాలి నేరుగా కొట్టని మూల, వీలైతే చూరు కింద. ఆ గోడ పగలు తాగిన వేడిని రాత్రి వదులుతుంది. రాతి గోడైతే ఇంకా మంచిది.

మీరు ఎంచుకున్న జాతి మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. శాస్త్రీయ నామం ట్రాకీకార్పస్ ఫార్చ్యూనై. చైనాలో పల్లెవాసులు దాని పీచుతో తాళ్ళు, చీపుర్లు, వానకు కప్పుకునే గొంగళ్ళ లాంటివి చేసుకునేవారు. 1830లో జీబోల్డ్ అనే జర్మన్ వైద్యుడు జపాన్‌నుంచి విత్తనాలు యూరప్‌కు పంపితే, 1849లో రాబర్ట్ ఫార్చ్యూన్ అనే మొక్కల సేకర్త చైనానుంచి మొక్కలనే లండన్ దగ్గరి క్యూ తోటకు పంపాడు. వాటిలో ఒకదాన్ని 1851లో విక్టోరియా రాణి ఇంగ్లండ్ దక్షిణాన ఉన్న వైట్ దీవిలోని ఆస్బర్న్ భవనం తోటలో నాటింది. ఇప్పుడు దక్షిణ స్విట్జర్లాండ్ అడవుల్లో అది ఎవరూ నాటకుండానే మొలుస్తోంది. ఎంతగా అంటే అక్కడి ప్రభుత్వం 2024 సెప్టెంబరు నుంచి దాని అమ్మకాన్నే నిషేధించింది. తాడిలో పోతు, పెంటి ఉన్నట్టే దీనిలోనూ ఉన్నాయి. పెంటి చెట్టు కాసే చిన్న కాయలను పిట్టలు తిని విత్తనాలు వెదజల్లుతాయి. మీ వైపు అడవులుంటే, అక్కడి నిబంధనలేమిటో కనుక్కోండి. పూగుత్తులు కాయ కట్టక ముందే కోసేస్తే ఆ బెడద ఉండదు.

ఒకవేళ ఈ మొక్క దక్కకపోతే మళ్ళీ ఏది తేవాలన్నది మీ చలికాలాన్ని బట్టి కాదు, వేసవిని బట్టి తేల్చాలి. చలికి ఓర్చే పామ్‌లన్నిటిలో గట్టిదని పేరు తెచ్చుకున్నది నీడిల్ పామ్. అమెరికా ఆగ్నేయ రాష్ట్రాల చిత్తడి అడవుల్లో పుట్టింది, మైనస్ 20 చలిని కూడా తట్టుకుంటుంది. ఆ ప్రాంతంలోనే పుట్టిన సాబల్ మైనర్ దానికి కాస్త తక్కువ. దాని మాను నేలలోనే ఉండిపోతుంది కాబట్టి మొవ్వుకు భూమే దుప్పటి. ఇంత గట్టివైతే అందరూ ఇవే ఎందుకు పెంచరు? వాటికి మండే వేసవి కావాలి. వేసవి చల్లగా, మబ్బుగా గడిచే చోట ఏడాదికి ఒకటి రెండు ఆకులు వేసి నిలబడిపోతాయి. దెబ్బతిన్న ఆకుల స్థానంలో కొత్తవి రాక, ఏటికేడు నీరసిస్తాయి. విండ్‌మిల్ పామ్‌కు మాత్రం చల్లటి వేసవే ఇష్టం. మీ వేసవి పగళ్ళు నెలల తరబడి 30 డిగ్రీలు దాటితే నీడిల్ పామ్ తెచ్చుకోండి, నిశ్చింతగా ఉంటారు. 20, 22 దగ్గరే ఉంటే విండ్‌మిల్ పామ్‌ను వదలకండి. గాలి ఎక్కువైతే దాని తోబుట్టువు లాంటి వాగ్నేరియానస్ వెతకండి. చిన్న, బిరుసు ఆకులు, గాలికి చిరగవు.

మధ్యధరా ప్రాంతపు కామెరాప్స్ హ్యుమిలిస్ కూడా అమ్ముతారు. యూరప్ ప్రధాన భూభాగంలోనే పుట్టిన పామ్ దాదాపు అదొక్కటే. పొదగా పిలకలు వేస్తుంది కాబట్టి ఒక మొవ్వు పోయినా పక్క పిలక అందుకుంటుంది. ఈ సుగుణం నీడిల్ పామ్‌కూ ఉంది. కానీ కామెరాప్స్‌కు మైనస్ 10 దాటితే ఇబ్బంది, తడి చలి అసలే గిట్టదు. మీ మైనస్ 13కు నేనైతే దాన్ని నేలలో నాటను.

పక్కింటివారి చెట్టు గురించి అడిగారు. కత్తుల్లాంటి ఆకులు, రెండుగా చీలిన మాను అంటే అది పామ్ కాదు, యక్కా అయి ఉండాలి. తాళజాతిలో కొమ్మలు వేసేవి బహు తక్కువ, చలిని ఓర్చేవాటిలో అయితే లేవనే చెప్పాలి. యక్కా చక్కటి మొక్కే, దాని ఓర్పు దానిది. కానీ తాటాకు కోసం కలగన్నవారికి అది ఆనదు. దానితో పోల్చి మీ మొక్కను చిన్నబుచ్చకండి. సైకస్ అనే మొక్కను కూడా పామ్ అనే పేరుతో అంటగడతారు. అదీ పామ్ కాదు.

కొబ్బరి మాట మరిచిపోండి. గడ్డకట్టే రాత్రి ఒక్కటి దానికి చాలు, ఏ గుడ్డా ఏ బల్బూ మీ చలికాలమంతా దాన్ని కాయలేవు. మీకు కావలసింది కొబ్బరాకులా ఈనెలు విచ్చుకున్న మట్ట అయితే, ఉరుగ్వే, దక్షిణ బ్రెజిల్ ప్రాంతాల బూటియా అనే పామ్‌ను పెద్ద కుండీలో పెంచండి. మైనస్ 8 దాకా ఓర్చేదే అయినా కుండీలో వేళ్ళకు నాలుగు పక్కలా చలి తగులుతుంది కాబట్టి మైనస్ 3, 4 రాగానే లోపలికి చేర్చాలి. వెచ్చబెట్టిన కూర్చునే గది వద్దు, అక్కడి పొడి గాలికి ఎర్రనల్లి పడుతుంది. వెలుతురున్న, చల్లటి, గడ్డకట్టని గది చాలు. నెలకోసారి కాసిన్ని నీళ్ళు. కుండీ కొనేముందు ఆ గది తలుపు వెడల్పు కొలుచుకోండి. బూటియా మట్టలు వంగి నేల చూస్తాయి, నాలుగేళ్ళకే ఇద్దరు పట్టుకుంటే తప్ప గుమ్మం దాటవు.